కాగితం ముక్క చూపించి బిడ్డలతో వెట్టి చేయిస్తారా? ఇక పంపం!

సామల్పట్టి అన్నలారా, అక్కలారా! ఊతంగరై, సింగారపేట, మత్తూరు, పోచంపల్లి చుట్టూ పల్లెల్లో కూలీనాలీ చేసుకుంటూ బిడ్డల్ని చదివించుకునే మన తెలుగోళ్లారా! ప్లస్ వన్, ప్లస్ టూ చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఈ కాగితం పారేయొద్దు. బస్సు వచ్చేలోపు చదివేయండి. చదివినాక పక్కనోళ్లకి ఇవ్వండి. చదవలేని పెద్దోళ్లుంటే బిగ్గరగా చదివి వినిపించండి.

పరీక్షలు అయిపోయినాయి. తోటల్లో మామిడికాయ దిగుతా ఉంది. ఇదే అదనని మన వీధుల్లోకి కొందరు దిగినారు. చేతిలో ఫైలు, జేబులో పెన్ను, నోట్లో చక్కెర. గడప ముందు నిలబడి ఏమంటారు? “అన్నా, మీ అబ్బోడు ఇంట్లో ఖాళీగా ఉండేదానికి మా దగ్గర రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయనీండి. జీతం ఉండదు. కానీ సర్టిఫికెట్ ఇస్తాం. రేపు కాలేజీ సీటుకి అదే పనికొస్తుంది. పెద్దపెద్దోళ్ల బిడ్డలంతా ఇప్పుడు ఇదే చేస్తా ఉండారు!”

మనం ఏమనుకుంటాం? మనకు చదువు లేదు, బిడ్డకైనా దారి దొరుకుతుందిలే అనుకుంటాం. ఊ అంటాం. చేతులెత్తి దండం కూడా పెడతాం!

సీటుకి పనికొస్తుందా? అబద్ధం! పచ్చి అబద్ధం!

తమిళనాడులో ఇంజనీరింగ్ సీటు ఎట్ల ఇస్తారో తెలుసుకోండి. 2007 నుంచి దానికి ప్రవేశ పరీక్షే లేదు. ప్లస్ టూ మార్కులే లెక్క. లెక్కలకి 100, ఫిజిక్స్‌కి 50, కెమిస్ట్రీకి 50. మొత్తం 200. దాన్నే కటాఫ్ అంటారు. ఆ కటాఫ్ ప్రకారం ర్యాంకు, ఆ ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్. ఇందులో మామిడి గుజ్జు షెడ్డువాడు ఇచ్చిన కాగితానికి ఎన్ని మార్కులు? ఒక్కటి? అర? సున్నా!

డాక్టరు సీటా? అది నీట్ మార్కుల మీద. గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీలో బీఏ, బీఎస్సీ, బీకామా? అదీ ప్లస్ టూ మార్కుల మీద. ఆటల్లో గెలిచి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఉంటే ఆటల కోటా ఉంది, దానికి విలువ ఉంది. షెడ్డులో ట్రేలు కడిగి తెచ్చుకున్న సర్టిఫికెట్‌కి ఏ కోటా ఉంది? ఎవరన్నా చూపించండి!

మా వీధి చివర ఒకబ్బోడు ఉండాడు. పేరు చెప్పను. పోయిన ఎండాకాలం ఒక మామిడి గుజ్జు షెడ్డుకి పోయినాడు. షెడ్డు పేరు కూడా ఎత్తను, ఇది ఒక్క షెడ్డుకి పట్టిన రోగం కాదు. ‘ఫుడ్ ప్రాసెసింగ్ ఇంటర్న్’ అని మెడలో ట్యాగు వేసినారు. వాళ్లమ్మ మురిసిపోయింది. చేయించింది ఏమి? లారీ నుంచి దిగిన తోతాపురి కాయల్ని ఏరడం. కుళ్లింది ఒక పక్కకి, మాగింది ఒక పక్కకి. ట్రేలు కడగడం. డబ్బాలకి లేబుళ్లు అంటించడం. గుజ్జు తీసే మిషన్ దగ్గరికి పోయి తొంగి చూస్తే “నీకేం పని అక్కడ?” అని గద్దింపు. తొడిమ దగ్గర కారే సొన తగిలి ముంజేతులు బొబ్బలెక్కినాయి. రాత్రి వాళ్లమ్మ కొబ్బరినూనె పూసేది. పొద్దున మళ్లీ అదే షెడ్డు.

పొద్దున ఏడుకి బస్సెక్కితే ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. బస్సు ఛార్జీ ఎవరిది? వాడిదే. మధ్యాన్నం సద్ది ఎవరిది? వాడిదే. పక్కన అదే కాయలు ఏరిన ఆడకూలీలకి వారం కాంగానే దుడ్డు చేతిలో పడేది. వీడు అడిగితే? “నువ్వు స్టూడెంట్‌వి కదా కన్నా, నీకు దుడ్డు ఏంటికి!” అని భుజం తట్టినారు.

కడాకి ల్యామినేషన్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టినారు. బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర. దాంట్లో వాడి పేరే తప్పు! దిద్దించుకోను పోతే సీజన్ అయిపోయింది, షెడ్డుకి తాళం.

ఇంకో ఇంటి ఆడబిడ్డ సంగతి వింటే కడుపు మండుతుంది. ప్లస్ టూ రాసింది. మంచి మార్కులు. ఒక ఆఫీసులో ‘డేటా ఇంటర్న్’ అని చేర్చుకున్నారు. పని? ఫైళ్లు మోయడం, జెరాక్స్ తీయడం, వచ్చినోళ్లకి టీ ఇవ్వడం. రిజల్ట్స్ వచ్చినాయి. కౌన్సెలింగ్‌కి కాగితాలు చేయించుకోవాలి, రెండు రోజులు సెలవు ఇవ్వండి అని అడిగింది. “మధ్యలో మానేస్తే సర్టిఫికెట్ లేదు, మీ స్కూలుకి కూడా చెడ్డ రిపోర్టు పంపుతాం” అన్నారు. బిడ్డ భయపడింది. ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ సమయానికి చేతికి రాలేదు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కే మొదటి మనిషి ఆ బిడ్డే! ఫీజులో రావాల్సిన తగ్గింపు పోయింది. నాయన వడ్డీకి తెచ్చి కట్టినాడు. పనికిరాని కాగితం కోసం పనికొచ్చే కాగితం పోగొట్టుకుంది. ఈ పాపం ఎవరిది?

మనకు నిజంగా కావాల్సిన కాగితాలు ఏవో ఇక్కడే రాస్తా ఉండాం. కత్తిరించి గోడకి అంటించుకోండి. కులం సర్టిఫికెట్. ఆదాయం సర్టిఫికెట్. ఇంట్లో ఇంతకుముందు డిగ్రీ చదివినోళ్లు లేకపోతే ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్. ఆరు నుంచి ప్లస్ టూ దాకా గవర్నమెంట్ స్కూల్లో చదివినట్టు హెడ్‌మాస్టర్ ఇచ్చే సర్టిఫికెట్. ఈ చివరిది బంగారం! ఇది ఉంటే మెడికల్ సీట్లలో 2020 నుంచి, ఇంజనీరింగ్ సీట్లలో 2021 నుంచి 7.5 శాతం కోటా. ఆ కోటాలో వచ్చిన బిడ్డ ఫీజు, హాస్టల్ ఖర్చు గవర్నమెంటే కడుతుంది. గవర్నమెంట్ స్కూల్లో చదివిన ఆడబిడ్డ కాలేజీలో చేరితే పుదుమై పెణ్ పథకం కింద నెలకి 1,000 రూపాయలు, 2022 నుంచి. మగబిడ్డకి తమిళ్ పుదల్వన్ కింద అదే 1,000, 2024 నుంచి. అరుంధతియర్ బిడ్డలకి ఎస్సీ కోటా లోపల 3 శాతం, 2009 నుంచి. మనలో ఎంతమంది అరుంధతియర్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారో మీకు తెలియంది కాదు. కులం కాగితంలో ఆ పేరు సరిగ్గా పడిందో లేదో ఇప్పుడే చూసుకోండి. కౌన్సెలింగ్ నాడు చూసుకుంటే ఏం లాభం?

ఇ-సేవై సెంటర్లో అప్లికేషన్ పెట్టి, వీఏఓ దగ్గరికి తిరిగి, తాలూకా ఆఫీసులో సంతకం పడేదాకా కాళ్లరిగేలా తిరగాలి. బిడ్డకి సెలవులు అవసరమయ్యేది దీనికి! ఆ సెలవుల్నే వాళ్లు ఊరికే మింగేస్తా ఉండారు.

“జీతం లేకపోతే పోనీలే, పని నేర్చుకుంటాడు కదా” అంటాడు మనలోనే ఒక పెద్దాయన. పెద్దాయనా, నేర్చుకోవద్దని ఎవరన్నారు? నేర్చుకోవాలి! చేతిపని రాని చదువు మాకూ ఇష్టం లేదు. ఒక మెకానిక్ దగ్గరికి పోయి వారం రోజులు కూర్చుని ఇంజిన్ విప్పేది చూస్తే మంచిదే. ఫ్యాక్టరీని ఒక దినం చుట్టి చూస్తే మంచిదే. మేం అడిగేది ఒక్కటే: అక్కడ నేర్పించేది ఎవరు? ఏ మిషన్ మీద? దినానికి ఎంతసేపు? బిడ్డ పోకపోతే వాళ్ల పని ఆగిపోతుందా? ఆగిపోతుందంటే వాడు చేసేది చదువు కాదు, కూలి! కూలి చేస్తే కూలి దుడ్డు ఇవ్వాల్సిందే!

నేర్పించాలనే మనసు ఉంటే ఎట్ల నేర్పిస్తారో మన జిల్లాలోనే చూసినాం. 1980ల్లో హోసూరులో టైటాన్ వాచీల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు వాళ్లకి గడియారం చేయడం వచ్చిన పనోళ్లు దొరకలేదు. ఏం చేసినారు? తమిళనాడు పల్లెల్లో, చిన్న ఊర్లలో ప్లస్ టూ ముగించిన పిల్లల్ని ఏరి తెచ్చినారు. వాచీ లోపలి చిన్నచిన్న ముక్కలు పట్టుకునేది నేర్పించినారు. ఉద్యోగాలు ఇచ్చినారు. ఆ పిల్లలే ఆ కంపెనీని నిలబెట్టినారు. వాళ్లేమీ సన్యాసులు కారు, లాభానికే చేసినారు. కానీ పల్లె బిడ్డ చేతులకి వెల కట్టి చేసినారు. అది నేర్పించడం అంటే! కాయలు ఏరించి కాగితం ఇచ్చేది నేర్పించడమా?

ఇప్పుడు చట్టం ఏమంటుందో వినండి. చట్టం మాట రాగానే “అది లాయర్లకి” అని కాగితం మడిచేయొద్దు. ఇది మీ ఇంటి దుడ్డు సంగతి!

అప్రెంటిస్ చట్టం అని ఒకటుంది. 1961 నాటిది. 30 మంది, ఆపైన పనిచేసే కంపెనీ ఏదైనా సరే, 100 మందికి రెండున్నర నుంచి 15 మంది లెక్కన అప్రెంటిస్‌లని పెట్టుకుని తీరాలి. ఇష్టముంటే పెట్టుకునేది కాదు, పెట్టుకోవాల్సిందే! 14 ఏళ్లు నిండితే చేరొచ్చు. ప్రమాదం ఉండే పని అయితే 18 నిండాలి. రాతలో ఒప్పందం ఉండాలి. దాన్ని రిజిస్టర్ చేయాలి. పని చేస్తా ఉంటే దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమానిదే. ఇక స్టైపెండ్. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైనోళ్లకి నెలకి తక్కువలో తక్కువ 6,000. ప్లస్ టూ పాసైతే 7,000. డిప్లొమా ఉంటే 8,000. డిగ్రీ ఉంటే 9,000. ఇవీ చాలవు, 36 శాతం పెంచండి అని సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫారసు చేసింది.

ఇప్పుడు లెక్క వేయండి. మా వీధి అబ్బోడు పది పాసైనోడు. అప్రెంటిస్‌గా పెట్టుకుని ఉంటే రెండు నెలలకి 12,000 రావాలి. వచ్చింది ఏమి? పేరు తప్పు పడ్డ కాగితం! 12,000 అంటే మనకి ఏమి? ప్లస్ టూ ఏడాదంతటి పుస్తకాలు, బస్సు, బట్టలు. తాకట్టులో ఉండే వాళ్లమ్మ కమ్మలు విడిపించుకునేది. ఆ దుడ్డు ఆకాశంలో కలిసిపోలేదు. షెడ్డు యజమాని జేబులో ఉంది! ఒక్క బిడ్డది కాదు. ఇరవై మందిని పెట్టుకుంటే రెండు లక్షల నలభై వేలు!

అందుకే వాళ్లు ‘అప్రెంటిస్’ అనే మాట నోట పలకరు. ఆ మాట అంటే స్టైపెండ్ ఇవ్వాలి, రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఇంటర్న్ అంటారు, ట్రైనీ అంటారు. నిన్నటి దాకా స్పిన్నింగ్ మిల్లుల్లో ఏం చేసినారు? కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండుగల్ పక్క మిల్లులకి మన ఆడబిడ్డల్ని సుమంగళి పథకం పేరుతో తీసుకుపోలేదా? వాళ్లకి అప్రెంటిస్ అనే పేరు పెట్టి కూడా హక్కులు మాత్రం ఇవ్వలేదు. మూడేళ్లు గడిపితే పెళ్లికి ఒక మొత్తం అన్నారు. మూడేళ్లు హాస్టల్ గోడల మధ్యే! మధ్యలో జబ్బు చేసి వచ్చేసిన బిడ్డకి ఎంత దక్కింది? అప్పుడు ఎర పెళ్లి. ఇప్పుడు ఎర కాలేజీ. గాలం మాత్రం అదే!

ఇంకో చట్టం ఉంది. 14 దాటి 18 నిండని బిడ్డల గురించి. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చినారు. 14 లోపు బిడ్డతో పనే చేయించకూడదు. 14 నుంచి 18 దాకా గనుల్లో, మంటలు అంటుకునే, పేలే సరుకు దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టకూడదు. మిగతా చోట్ల? మధ్యలో విశ్రాంతి కలుపుకుని దినానికి ఆరు గంటలు దాటకూడదు. మూడు గంటలు చేస్తే ఒక గంట కూర్చోనివ్వాలి. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని బంద్. ఓవర్‌టైమ్ బంద్. వారానికి ఒక దినం సెలవు. ఇప్పుడు మీ బిడ్డ షిఫ్టుని దీంతో పోల్చి చూసుకోండి. ఎన్ని తప్పుతా ఉండాయి?

గ్రానైట్ సంగతి వేరే చెప్పాలా? బర్గూరు పక్క, కృష్ణగిరి పక్క రాయి కోసే చోట ఆ దుమ్ము ఎట్ల ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో చేరిన రాతిపొడి తిరిగి బయటికి రాదు. సిలికోసిస్‌కి మందు లేదు. క్వారీలో ‘మైనింగ్ ఎక్స్‌పోజర్’ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూడకుండా రండి!

అన్నిటికంటే పెద్ద మాట రాజ్యాంగంలోనే ఉంది. 23వ అధికరణం: వెట్టి చాకిరీ చేయించకూడదు. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరీయే అని. తక్కువ ఇస్తేనే బలవంతమైతే, అసలు ఇవ్వకపోతే? తెలంగాణలో దొరల గడీల ముందు వెట్టి చేసినోళ్లు తిరగబడి చేతికర్రలు పట్టింది దేనికి? మనం ఇక్కడ ల్యామినేషన్ కాగితానికి తల వంచాలా?

అమెరికా మాట కూడా అనుకుందాం. ఎందుకంటే ఆ ఫైలువాడు చివర్లో తీసే తురుపు ముక్క అదే: “అమెరికాలో మన తెలుగోళ్ల బిడ్డలు హైస్కూల్లోనే ఇంటర్న్‌షిప్ చేస్తారు, అందుకే పెద్ద కాలేజీల్లో సీట్లు!” సగం నిజం. అక్కడ కాలేజీలు మార్కులతో పాటు బిడ్డ బడి బయట ఏం చేసినాడో కూడా చూస్తాయి. న్యూజెర్సీలో, టెక్సాస్‌లో ఉండే మనోళ్లు దీనికోసం తిప్పలు పడతారు, ఎండాకాలం ప్రోగ్రాములకి ఎదురు దుడ్డు కట్టేవాళ్లు కూడా ఉండారు. కానీ మిగతా సగం వినండి. అక్కడ చాలా కాలేజీలకి ఒకే ఫారం, కామన్ అప్లికేషన్ అంటారు. దాంట్లో బిడ్డ చేసిన పనులు పది రాసుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ ఒక రకం. కూలికి చేసిన పని ఇంకో రకం. ఇంటి బాధ్యతలు ఇంకో రకం! చెల్లెల్ని చూసుకున్నా, నాయన కొట్టులో కూర్చున్నా రాసుకోవచ్చు. 2016లో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఒక నివేదికే వేసినారు, ఇంటికి ఆసరాగా నిలిచిన బిడ్డ కష్టాన్ని కూడా కాలేజీలు లెక్కలోకి తీసుకోవాలని. అంటే ఆ అమెరికాలో కూడా దుడ్డు తీసుకుని పని చేస్తే తక్కువ కాదు. మరి ఇక్కడ దుడ్డు అడిగితే తప్పా?

ఊరికే చేయించుకుంటే ఎవరికి లాభమో అక్కడా తెలిసిపోయింది. 2015లో జెనీవాలో ఐక్యరాజ్య సమితిలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన న్యూజిలాండ్ కుర్రాడు అద్దె కట్టలేక సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని ఉన్నాడు. ప్రపంచమంతా నవ్వింది, ఆ సంస్థని చూసి! అమెరికా వైట్‌హౌస్ కూడా 2022లో ఇంటర్న్‌లకి దుడ్డు ఇవ్వడం మొదలుపెట్టింది. మన ఢిల్లీ సర్కారు 2024లో పీఎం ఇంటర్న్‌షిప్ పథకం పెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్లోళ్లకి నెలకి 5,000, చేరేటప్పుడు ఇంకో 6,000 అని చెప్పింది. వైట్‌హౌస్ ఇచ్చింది, ఢిల్లీ ఇస్తుంది, మామిడి షెడ్డు ఇవ్వలేదా?

ఊరికే పని చేయగలిగేది ఎవరి బిడ్డ? ఇంట్లో తిండికి లోటు లేనోడి బిడ్డ. కారులో దింపి కారులో తీసుకుపోయే ఇంటి బిడ్డ. వాళ్లకి అది ఎండాకాలం కాలక్షేపం. మన బిడ్డకి? మన బిడ్డ ఆ రెండు నెలలు తోటలో కాయ కోసినా, కొట్టులో నిలబడినా ఇంట్లోకి నాలుగు రాళ్లు వస్తాయి. వాడు ఊరికే పనికి పోతే ఆ నాలుగు రాళ్లు పోయి, ఛార్జీలకి మనమే ఎదురు ఇవ్వాలి. అంటే ఏమి? సామల్పట్టి కూలోడు కంపెనీ యజమానికి చందా కట్టినట్టు! ఇంత వింత ఎక్కడన్నా విన్నామా?

మాష్టార్లకి ఒక మాట. మీ మీద గౌరవం ఉంది కాబట్టే అడుగుతా ఉండాం. మా బిడ్డల పేర్లు, ఫోన్ నంబర్లు ఈ ఫైలువాళ్లకి ఎట్ల చేరుతా ఉండాయి? ‘టై అప్’ పెట్టుకున్నారంటే ఆ కాగితం మాకు చూపించండి. నిజంగా బిడ్డల మేలు కోరితే వాళ్లకి ఐటీఐ గురించి చెప్పండి. ప్లస్ టూ పాసైనా, ఐటీఐ పాసైనా పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చని చెప్పండి. బర్గూరులో 1994 నుంచి గవర్నమెంట్ ఇంజనీరింగ్ కాలేజీ ఉందని, దాంట్లో సీటుకి ఏ కటాఫ్ కావాలో చెప్పండి. ఆ ఒక్క దినం మీరు ఇచ్చే సలహా, రెండు నెలల చాకిరీ కంటే మేలు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీకు సిగ్గుగా ఉంటుందని తెలుసు. దుడ్డు అడిగితే ఏమనుకుంటారో అని. అడగండి! అడగనిదే అమ్మయినా పెట్టదు. “స్టైపెండ్ ఎంత సార్? ఒప్పందం కాగితం ఏది సార్? పని ఎన్ని గంటలు సార్?” ఈ మూడు అడగండి. జవాబు చెప్పలేనోడి దగ్గర నేర్చుకునేది ఏమీ ఉండదు. సర్టిఫికెట్ ఇవ్వనంటాడా? ఇవ్వకపోనీ! మీ ఒరిజినల్ మార్కుల లిస్టు, టీసీ మాత్రం ఎవడి చేతికీ ఇవ్వొద్దు. అడిగితే జెరాక్స్ ఇవ్వండి. ఒరిజినల్ పట్టుకుని బెదిరించేవాళ్లు ఉంటారు, జాగ్రత్త!

అమ్మలారా, నాయనలారా! 18 నిండని బిడ్డ అప్రెంటిస్ ఒప్పందంలో సంతకం పెట్టాల్సింది తల్లిదండ్రులు, గార్డియన్లు. అంటే పెన్ను మీ చేతిలో ఉంది. స్టైపెండ్ రాయని కాగితం మీద సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. తెలుగు, తమిళం ఏదైనా సరే, మీకు అర్థమయ్యే బాసలో చదివి వినిపించమనండి. ఇంగ్లీషులో ఉంది, నమ్మి పెట్టండి అంటే లేచి వచ్చేయండి. మన బిడ్డల తరానికి బళ్లో తెలుగు చదువుకునే దారే ఇరుకైపోయింది, ఆ పోరాటం వేరే ఉంది. కనీసం సంతకం పెట్టే కాగితమైనా తెలిసిన బాసలో ఉండాలి కదా?

ఒక్కరు అడిగితే “నువ్వు రావొద్దు, ఇంకొకడు వస్తాడు” అంటారు. ఆ ఇంకొకడు కూడా అడిగితే? ఆ తర్వాతోడు కూడా అడిగితే? సీజన్లో లారీలు వరసగా నిలబడి ఉంటే, కాయ ఎండకి కుళ్లిపోతా ఉంటే, యజమాని ఎన్ని దినాలు పంతం పడతాడు? మామిడికాయ ఆగదు! మనం ఆగగలం!

అందుకే వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదికి సామల్పట్టి రైల్వే స్టేషన్ ముందర కలుద్దాం. ప్రతి సోమవారం కృష్ణగిరి కలెక్టర్ ఆఫీసులో జనం ఫిర్యాదులు తీసుకుంటారు. అందరం కలిసి పోయి అర్జీ ఇద్దాం. స్కూలు పిల్లలతో ఊరికే పని చేయించుకునే ప్రతి యూనిట్‌నీ తనిఖీ చేయాలి. చేసిన పనికి దుడ్డు లెక్క కట్టి ఇప్పించాలి. బిడ్డల పేర్లు బయటోళ్లకి ఇవ్వకూడదని స్కూళ్లకి ఉత్తర్వు పోవాలి. ఇంతకంటే మేం ఎక్కువేమీ అడగడం లేదు. వచ్చేటప్పుడు బిడ్డకి ఇచ్చిన ట్యాగు, సర్టిఫికెట్, ఫోన్లో వచ్చిన మెసేజీలు, బస్సు టికెట్లు ఏవి ఉంటే అవి తీసుకురండి. అవన్నీ సాక్ష్యాలు. బిడ్డ ఏ తేదీన పోయినాడు, ఎన్ని గంటలు చేసినాడు, ఒక నోటుబుక్కులో రాసి తెస్తే ఇంకా మంచిది.

కూలి పోతుందని భయపడేవాళ్లు ఇంటికొకరు వచ్చినా చాలు. రాలేని ముసలోళ్లు సంతకం పెట్టి పంపండి. 18 లోపు బిడ్డతో బలవంతంగా పని చేయిస్తా ఉంటే సోమవారం దాకా ఆగొద్దు, ఇప్పుడే 1098కి ఫోన్ కొట్టండి. దుడ్డు పడదు, పేరు బయటికి రాదు.

స్టైపెండ్ లేనిదే బిడ్డని పంపం!
చదివి వినిపించనిదే సంతకం పెట్టం!
చేసిన పనికి దుడ్డు ఇప్పించేదాకా వదలం!

సోమవారం పొద్దున ఎనిమిదికి, స్టేషన్ ముందర. బిడ్డల్ని కూడా తీసుకురండి.

ఇట్లు,
సామల్పట్టి, ఊతంగరై చుట్టుపక్కల తల్లిదండ్రులు, విద్యార్థులు